ద్రాక్షరసం మీద విచారణ

ప్రభువు బల్ల దగ్గర, రొట్టే ద్రాక్షరసమూ తీసుకునేటప్పుడు, మొహం చిట్లించకూడదని ఏ గ్రంథంలోనూ రాసి లేదు. అయినా అది అందరికీ తెలిసిన మర్యాదే. అందుకే ఆ ఆదివారం చిన్న గాజు గ్లాసులోది నోట్లో వంపుకోగానే సంఘ పెద్ద ఇమ్మానియేలు గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. దూరం నుంచి చూసేవాళ్ళకి భక్తిలో లీనమైనట్టే కనిపించింది. ఆడవాళ్ళ వరస మొదట్లో, ఆయనకు పక్కగా మోకాళ్ళ మీద ఉన్న హెలెన్‌కి మాత్రం అసలు సంగతి తెలిసిపోయింది. భక్తిలో దవడ అలా వణకదు. ఉసిరికాయ కొరికితే వణుకుతుంది.

తర్వాతి గ్లాసు ఆమెదే. నోట్లో పోసుకుంది. నాలుక రెండు అంచులూ లోపలికి ముడుచుకున్నాయి. ఆమె కూడా కళ్ళు మూసుకుంది.

ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ నలుగురూ ఆ మాటే ఎత్తారు. సత్తెనపల్లిలో మిరప కోతల కాలం అది. గాలి ఎటు తిరిగినా కళ్ళాల మీంచి ఘాటు మోసుకొస్తుంది కాబట్టి, మాటల మధ్య తుమ్ములు కూడా ఉన్నాయి.

"ఈ నెలా అంతేగా. చింతపండు పిసికినట్టుంది."

"పోయిన నెల మీద ఇంకా ఎక్కువ."

"ఆ మనిషి కోతలకి పోతందిగా. మిరపకాయలు కోసిన చేతుల్తో ద్రాక్ష పిసికితే ఘాటు రాకేం చేస్తది?"

"ఘాటు కాదమ్మా, పులుపు."

"ఆ రెండూ ఒక్కచోటే ఉంటాయిలే. అసలు పిసుకుతుందో, షాపులో కొనుక్కొచ్చి నీళ్ళు కలుపుతుందో, చూసినోళ్ళెవరు?"

ఆ మాట అన్నావిడ హెలెన్ వైపు తిరిగి గొంతు తీపి చేసింది. "నీ రొట్టె మాత్రం కేకే హెలెన్. ఇంకో ముక్క అడగబోయి, బాగోదని ఆగాను."

హెలెన్ మురిసిపోయింది. కొత్త పాస్టరు గారి భార్య ఆసుపత్రిలో నర్సు కావడంతో బల్ల రొట్టె బాధ్యత దసరా సెలవుల తర్వాత ఆమె చేతికి వచ్చింది. అంతకు ముందు రొట్టె అంటే పెనం మీద కాల్చిన గోధుమ అట్టముక్క. నమిలితే శబ్దం వచ్చేది, రుచి వచ్చేది కాదు. హెలెన్ డిగ్రీ చదువుకుంది, ఫోనులో వంటలు చూస్తుంది. పాలు, పంచదార, కాస్త నెయ్యి, చిటికెడు యాలకుల పొడి వేసి మెత్తగా చేస్తోంది. సంఘం ఒక్క గొంతుతో మెచ్చుకున్న సంగతి ఈ మధ్య ఇదొక్కటే.

మాటల్లో ఉండగానే లోపలి నుంచి కొండమ్మ గ్లాసుల ట్రే పట్టుకుని వచ్చింది. మెట్ల మీద మాట ఆగిపోయింది. అందరూ ఒక్కసారే తమ చెప్పులు గుర్తుపట్టారు.

కొండమ్మ చర్చి ఊడుస్తుంది. బల్లకు ద్రాక్షరసం చేసేదీ ఆమే. ఆమె ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టని కుటుంబాలు సంఘంలో కొన్ని ఉన్నాయి. నెలలో ఆ ఒక్క ఆదివారం ఆమె చేసినదాన్ని వాళ్ళు కూడా మోకాళ్ళ మీద తాగుతారు. ఆ సంగతి కొండమ్మ ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఆ పూట ఇస్త్రీ చీర కట్టుకొస్తుంది, అంతే.

*

మర్నాడు సాయంత్రం విచారణ సంఘం హెలెన్ ఇంటి ముందుగదిలో కూర్చుంది. ఇమ్మానియేలు గారు సహకార బ్యాంకులో చేసి రిటైరయిన మనిషి. ఎవరి సంతకం చూసినా రెండోసారి చూస్తారు. కొత్త పాస్టరు గారికి ఇంకా ఎవరికి భయపడాలో తెలియక అందరికీ భయపడుతున్నారు. మూడో సభ్యుడు హెలెన్ భర్త ప్రకాష్, హైస్కూలు సైన్సు మాస్టారు, సంఘ కార్యదర్శి.

ఇమ్మానియేలు గారు చేతిసంచిలోంచి ఒక సీసా తీసి టీపాయ్ మీద పెట్టారు. నిన్న బల్ల దగ్గర మిగిలిన ద్రాక్షరసం. మూత చుట్టూ తెల్లటి బ్యాండేజీ టేపు చుట్టి ఉంది.

"సాక్ష్యం," అన్నారాయన.

టీ కప్పులు తెచ్చిన హెలెన్ ఆ దెబ్బ తగిలిన సీసా వైపు చూసింది.

"వచ్చే ఆదివారం వార్షికోత్సవం. గుంటూరు నించి పెద్ద పాస్టరు గారు వస్తున్నారు. మళ్ళీ బల్ల ఉంది. ఆయన నోట్లో ఇది పోసి ఆయన మొహం మనం చూడాలా?" అన్నారు ఇమ్మానియేలు గారు. "నా అనుమానం ఏంటంటే, ఆవిడ చెయ్యట్లేదు. వైన్ షాపులో చవకరకం కొని, నీళ్ళు కలిపి పోస్తోంది. చవకరకమే అలా పులుస్తుంది."

"మీరు చవకరకం రుచి చూశారా అన్నయ్యగారూ?" అంది హెలెన్ వినయంగా.

"విన్నానమ్మా," అన్నారాయన, కప్పు అందుకుంటూ. "అందుకే రుజువు కావాలి. షాపులో దొరికే వైన్లు తెప్పించి దీనితో పోల్చి చూడాలి. రుచి కలిసిందా, ఆవిణ్ణి శనివారం పిలిచి, ఊడ్చింది చాలు, బల్ల జోలికి రావద్దని చెప్పేస్తాం. రేపట్నించి సీలు వేసిన సీసానే."

"అదీ షాపు నించేగా తెచ్చేది," అన్నారు పాస్టరు గారు మెల్లగా.

"మనం తెస్తే వేరు, పాస్టరు గారూ."

ఇక తెచ్చేదెవరన్న ప్రశ్న. పాస్టరు గారు వైన్ షాపుకి వెళ్ళకూడదు. ఇమ్మానియేలు గారి వయసుకి బాగోదు. ప్రకాష్ వెళ్తే పదో తరగతి పిల్లల తండ్రులు సగంమంది అక్కడే ఎదురవుతారు. ముగ్గురూ టీ తాగారు. ముగ్గురి చూపులూ నెమ్మదిగా ఖాళీ కప్పులు తీస్తున్న హెలెన్ మీదికి వచ్చాయి. మూడు పరువులు నిలబెట్టడానికి నాలుగోది ఒకటి ఖర్చుపెడితే సరిపోతుందని తీర్మానం అయింది.

హెలెన్ వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆమెకీ అనుమానం పుట్టింది. అనుమానం పుట్టాక ఇంట్లో కూర్చుంటే వంట కూడా సరిగా కుదరదు.

*

ముందు కొండమ్మ ఇల్లు చూద్దామనుకుంది. మంగళవారం పొద్దు వాలాక, కోతల ఆటోలు తిరిగొచ్చే వేళకి వెళ్ళింది. కొండమ్మ అప్పుడే దిగి, మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుంటోంది. మంట తగ్గటానికి.

"ఏం లేదు కొండమ్మా. పండుమిరపకాయల పచ్చడి పెడదామని. కాసిని కాయలుంటే ఇస్తావేమోనని వచ్చా."

"కూకోండమ్మా." కొండమ్మ చేటలో కాయలు పోసి, తొడిమలు పచ్చగా ఉన్నవి ఏరసాగింది.

హెలెన్ చూపులు పని మొదలుపెట్టాయి. గది మూల గుడ్డ కట్టిన జాడీ, పైన చెక్కపలక, పలక మీద రాయి. బాగానే ఉంది. తర్వాత దడి వైపు చూసింది. దడి కర్రలకి మూడు సీసాలు తలకిందులుగా తగిలించి ఉన్నాయి. ఏ ఇంటి కషాయం సీసాలూ కావవి. వైన్ షాపువి.

ఆ చూపు ఎక్కడ ఆగిందో కొండమ్మ చూసింది. "ఆటిల్లోనేనమ్మా వడగట్టి పోసేది. రోడ్డెమ్మట పారేసినయి ఏరుకొచ్చి, ఉడకేసి కడుగుతా. గాజుసీసా అయితే చెడదని పాత పాస్టరమ్మగారు చెప్పారు."

"అవునవును," అంది హెలెన్. నిజం చెప్పేవాళ్ళు అడక్కుండా ఇంత వివరంగా చెబుతారా అనుకుంది.

"రుచి బాగాలేదంటన్నారంటగా?"

"ఎవరన్నారు?"

"నా మొగాన ఎవరన్లేదమ్మా. నేనొస్తే మాటాపేస్తన్నారు. ఆపినప్పుడే తెలుసుద్ది కదా." కొండమ్మ కాయలు ఏరడం ఆపి తన చేతులు తిప్పి చూసుకుంది. "చేసేది అట్టానే చేస్తన్నా. అయే పళ్ళు, అదే పంచదార, అయే లవంగాలు. నా చేతికే ఏందో వచ్చిందేమో. చర్చికి పంపే ముందు నేను రుచి చూస్తే బానే ఉంటంది. అక్కడికొచ్చేసరికి అట్టా ఎందుకవుతుందో."

లేచి వెళ్ళి జాడీ మీది రాయి దించింది, గుడ్డ విప్పింది, తెడ్డుతో అడుగు నుంచి ఒకసారి తిప్పి, గరిటెతో కాస్త స్టీలు గ్లాసులో పోసి తెచ్చింది. "తాగుతారా?"

అడగడంలో ఒక చిన్న ఆగడం ఉంది. హెలెన్ అది గమనించి గ్లాసు వెంటనే అందుకుంది.

బాగుంది. అలా ఇలా కాదు, చాలా బాగుంది. ముందు తీపి, వెనక చిన్న వగరు, గొంతు దిగాక లవంగం వాసన. హెలెన్ గ్లాసు కింద పెట్టింది. సంతోషించాల్సిన మనిషి, సంచి నిండా కాయలు పట్టుకుని ఇంటికి నడుస్తూ ఇంకా గట్టిగా అనుమానించింది. చూపించే జాడీ వేరు, చర్చికి వచ్చే సీసా వేరు. కాకపోతే ఇంత తేడా ఎలా వస్తుంది?

*

వైన్ షాపు పనికి గఫూర్ ఆటో మాట్లాడుకుంది. గఫూర్ మందు ముట్టని మనిషి కాబట్టి సీసాలు అతని చేత తెప్పిస్తే మూత తీయకుండా వస్తాయని ఆమె లెక్క. గఫూర్ విన్నాడు, ఆటో పక్కకి తీసి ఆపాడు.

"అమ్మా, మాకు తాగడమే కాదు, మొయ్యడం కూడా తప్పే. ఆటో వరకూ నాది. షాపు మీది."

"నువ్వు మొయ్యవు గఫూర్, ఆటో మోస్తుంది."

"అదేగా నేనూ మా ఇంట్లో చెప్పుకునేది," అని అతను షాపుకి నాలుగు కొట్ల అవతల, ముందుచక్రం అటువైపు తిప్పి నిలిపాడు. రోడ్డు మీది విత్తనాల బోర్డు చదువుతూ కూర్చున్నాడు.

మిట్టమధ్యాహ్నం. షాపు ముందు ఎవరూ లేరని చూసుకుని హెలెన్ కొంగు భుజాల చుట్టూ లాక్కుని వెళ్ళింది. ఇనుప చువ్వల వెనక కుర్రాడు ఫోను చూస్తున్నాడు. తలెత్తి, లేచి నిలబడ్డాడు.

"నమస్తే మేడమ్. మీరు ప్రకాష్ మాస్టారు గారి..."

హెలెన్ కొంగు తల మీదికి లాక్కుంది. ఆ కుర్రాడి పేరు చైతన్యకృష్ణ అట. మాస్టారి దగ్గర ఆమ్లాలు, క్షారాలు చదువుకున్నాడట. ఆ మాట చెప్పి, తను ఆ పాఠాన్ని ఎంత దూరం తీసుకొచ్చాడో తనకే గుర్తొచ్చినట్టు చుట్టూ ఉన్న అరలకేసి చూశాడు.

"చర్చి పని మీద వచ్చా. వైన్ కావాలి."

"ఏది మేడమ్?"

"వైన్."

"అదే మేడమ్, విస్కీయా, బ్రాందీయా?"

"వైన్ షాపు అని బోర్డుందిగా బాబూ. వైన్."

చైతన్యకృష్ణ ఇబ్బందిగా నవ్వాడు. స్టూలు వేసుకుని పై అర చివరి నుంచి మూడు సీసాలు దించాడు. ఒకదాని మీద ద్రాక్షగుత్తి బొమ్మ, ఒకదాని మీద కోట, ఒకదాని మీద గుర్రం. గుర్రానికీ వైనుకీ ఏం సంబంధమో ఇద్దరికీ తెలియలేదు. మూడింటి మీదా దుమ్ము. ఉఫ్‌మని ఊదితే హెలెన్ తుమ్మింది.

"ఎలా ఉంటాయి ఇవి?"

"నాకు తెలీదు మేడమ్. గుత్తిది కొన్నాయన మళ్ళీ అడగలేదు. కోటది కొన్నాయన మళ్ళీ కనపళ్ళేదు. గుర్రంది ఇంతవరకు ఎవరూ కొనలేదు."

"మా కొండమ్మ రాదా ఇక్కడికి? చర్చి ఊడుస్తుంది, పొడుగ్గా, చేతికి పచ్చబొట్టు."

"ఆడోళ్ళు వస్తారు మేడమ్, మొగుళ్ళని తీసుకెళ్ళటానికి. వైన్ అయితే ఎవరూ కొనరు. దుమ్ము చూశారుగా."

దుమ్ము చూసింది. అయినా ఊళ్ళో షాపు ఇదొక్కటే కాదుగా అనుకుంది. మనసు ఒకసారి అనుమానం దారి పట్టాక ఎన్ని గోడలు అడ్డం వచ్చినా సందు వెతుక్కుంటుంది.

సీసాలకి పేపరు చుట్టించి, సంచిలో పెట్టి, పైన గోంగూర కట్టలు సర్దింది. ఆటో ఎక్కుతుంటే గాజు టింగుమంది.

"గోంగూర బాగా ముదురనుకుంటా," అన్నాడు గఫూర్ వెనక్కి తిరక్కుండా.

*

గురువారం మధ్యాహ్నం వీధి తలుపు గడియ పెట్టి, కర్టెన్లు లాగి, డైనింగ్ టేబుల్ మీద నాలుగు స్టీలు గ్లాసులు వరసగా పెట్టింది. మూడింట్లో షాపువి, నాలుగోదాంట్లో టేపు ఊడదీసిన సాక్ష్యం. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి పని చెయ్యలేదు. తప్పు చేస్తున్నట్టు ఉంది. తప్పు ఇంత ఆసక్తిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

గుత్తి బొమ్మది ముందు. వాసన చూస్తే ఎండలో మరిచిపోయిన ప్లాస్టిక్ బిందె. తాగితే దగ్గుమందు, కాకపోతే దగ్గు తగ్గించేది కాదు, తెప్పించేది. అయినా తీపి ఉంది. కోట బొమ్మది నేరేడుపండు తిని, ఆ నోటితోనే బీరువా తాళం చప్పరించినట్టుంది. గుర్రంది ఆశ్చర్యంగా ఫరవాలేదు. పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లాడిలా మొదట ఏమీ మాట్లాడదు, మింగాక రెండు మాటలు మర్యాదగా చెబుతుంది.

నాలుగోది నోట్లో పోసుకోవడానికి ముందే మొహం చిట్లించి సిద్ధం చేసుకుంది.

తీపి. వెనక చిన్న వగరు. లవంగం.

హెలెన్ గ్లాసు తిప్పి చూసింది. సీసా వాసన చూసింది. మంగళవారం కొండమ్మ ఇంట్లో తాగినదే ఇది. అక్షరాలా అదే. ఆదివారం దవడలు వణికించిన సీసా కూడా ఇదే. అయితే ఎవరో సీసా మార్చారు. ఎవరు? టేపు వేసి దాచింది ఇమ్మానియేలు గారు. ఆయనకేం పని? పాస్టరు గారు? కొత్త మనిషి, ఎవరికి తెలుసు. ఆమె అనుమానం కాసేపట్లోనే కొండమ్మను దాటి సంఘమంతా తిరిగి, ఆఖరికి చర్చి తాళంచెవి ఉండే తన భర్త చొక్కా జేబు దగ్గరికి వచ్చి ఆగింది.

ఆ చొక్కా సాయంత్రం ఇంటికొచ్చింది. ప్రకాష్ గ్లాసులు చూసి, కర్టెన్లు చూసి, భార్యను చూశాడు.

"అయిందా పరీక్ష?"

"మీరూ చూడండి. ఏది ఏదో చెప్పను."

మందు వాసనే పడదనే ప్రకాష్ మాస్టారు వరసగా నాలుగూ చప్పరించి, ప్రాక్టికల్స్‌కి మార్కులు వేసేటప్పటి మొహం పెట్టాడు. చివరి గ్లాసు దగ్గర ఆగాడు. "ఇది బాగుంది. ఇదే తెప్పిద్దాం ఆదివారానికి. ఖరీదైనదనుకుంటా."

హెలెన్ నవ్వలేదు. ఆయన జేబు గురించి ఇంకా తేలలేదు. "కాళ్ళు కడుక్కోండి. రొట్టె చేశాను, వార్షికోత్సవానికి ఈసారి జీడిపప్పు కూడా వేద్దామా అని చూస్తున్నా. తిని చెప్పండి."

ఆయన రొట్టెముక్క తిన్నాడు. తల ఊపాడు. ఇంకో ముక్క తిన్నాడు. గొంతు పట్టినట్టుంది, చేతికి అందిన గ్లాసు ఎత్తి తాగాడు. దవడ వణికింది.

"ఛీ. ఇదేంటి ఇలా పులిసిపోయింది?"

"ఏ గ్లాసది?"

ఆ చివరిదే. ఇప్పుడే బాగుందన్నదే.

హెలెన్ ఆ గ్లాసుకేసి చూసింది. రొట్టెకేసి చూసింది. ఒక ముక్క తుంపి నోట్లో వేసుకుని, పాలూ పంచదారా యాలకులూ నాలుకంతా పరుచుకునేదాకా నెమ్మదిగా నమిలి, ఆ గ్లాసు ఎత్తింది. నాలుక రెండు అంచులూ లోపలికి ముడుచుకున్నాయి. గుర్రం బొమ్మది తాగింది. పులుపు. గుత్తిది, కోటది, అన్నీ పులుపే. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ తాగింది. అన్నీ మళ్ళీ మామూలే.

బల్ల దగ్గర ముందు రొట్టె, తర్వాత ద్రాక్షరసం. ఎప్పుడూ అంతే. ఏ ఊళ్ళోనైనా అంతే.

"లడ్డూ తిన్నాక టీ చప్పగా ఉంటుందే, అలాంటిదే ఇది," అన్నాడు ప్రకాష్. సైన్సు మాస్టారికి పాఠం దొరికిన ఉత్సాహం ఒక్క క్షణం ఉంది. ఆ తర్వాత ఆ రొట్టె ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయాడు. "హెలెన్, దీన్ని ఇంత పెద్దది చెయ్యక్కర్లేదు. ఆదివారం పాతరకం రొట్టె చేసెయ్. రుచి దానంతటదే సర్దుకుంటుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

"కొండమ్మకి?"

"ఆవిణ్ణి పిలిపించవద్దని ఇమ్మానియేలు గారితో నేను చెబుతాలే. షాపు సీసాతో కలవలేదని చెబితే సరి."

హెలెన్ గ్లాసులు సింకులో వేసి తోమడం మొదలుపెట్టింది. కాసేపటికి, "పిలవనివ్వండి," అంది.

*

శనివారం సాయంత్రం కొండమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ చూపించలేదు. హెలెన్ ఆ కుర్చీ జరిపి, "కూర్చో," అంది. కొండమ్మ కూర్చోలేదు.

ఇమ్మానియేలు గారు గొంతు సవరించుకున్నారు. "చూడు కొండమ్మా, సంఘమంతా బాధపడుతోంది..."

"ఒక్క నిమిషం అన్నయ్యగారూ," అని హెలెన్ పళ్ళెం తెచ్చింది. గుర్రం బొమ్మ సీసా, కొత్తది, సీలుతో ఆయన చేతికిచ్చింది. "మీరే తియ్యండి. మళ్ళీ ఎవరూ ఏమీ కలిపారనుకోకూడదు."

ముగ్గురికీ తన రొట్టె పెట్టింది. మెచ్చుకుంటూ తిన్నారు. ఆయన తీసిన సీసాలోంచే గ్లాసుల్లో పోసింది. మూడు జతల కళ్ళు గట్టిగా మూసుకున్నాయి.

"సీలు సీసా కూడా ఇంతేనా?" అన్నారు ఇమ్మానియేలు గారు.

హెలెన్ మంచినీళ్ళిచ్చింది. తర్వాత పెనం మీద కాల్చిన అట్టముక్కలు పెట్టింది. శబ్దం చేస్తూ నమిలారు. ఈసారి పోసింది కొండమ్మ చేసినది. పాస్టరు గారు గ్లాసు ఖాళీ చేసి, అడుగు చూసి, ముందుగా అర్థం చేసుకుని, నవ్వబోయి ఇమ్మానియేలు గారి మొహం చూసి ఆపుకున్నారు.

"పులుపు ద్రాక్షరసానిది కాదండీ," అంది హెలెన్. "నా పంచదారది."

కొండమ్మ చేతులు కొంగులో చుట్టుకుని, అట్టముక్క వైపూ మెత్తటి రొట్టె వైపూ మార్చి మార్చి చూస్తోంది.

ఇమ్మానియేలు గారు ముందు తేరుకున్నారు. గొంతులో దయ పొంగింది. "ఫర్వాలేదమ్మా. మంచి మనసుతో చేశావు. ఇలాంటివి ఎవరికైనా జరుగుతాయి. పంచదార కాస్త తగ్గిస్తే సరిపోద్ది, రొట్టె మాత్రం నువ్వే చెయ్యి." తర్వాత గుమ్మం వైపు తిరిగారు. "సరే, నువ్వెళ్ళు కొండమ్మా. రేపు ఎప్పట్లానే తెచ్చెయ్."

హెలెన్‌కి గుండె తేలికపడాల్సిన చోటు అది. పడలేదు. నెలల తరబడి సంఘం నోరు పాడుచేసిన తన పొరపాటుని మన్నించడానికి ఆ గదిలో పట్టిన సమయం ఒక గుటక నీళ్ళు తాగినంత.

కొండమ్మ కదల్లేదు.

"ఏంటి?" అన్నారాయన.

"అయ్యగారూ, నేను షాపుది పోస్తన్నానన్న మాట మెట్ల మీద అన్నారు. కాదన్న మాట గదిలో అంటన్నారు."

"నిన్ను ఎవరేమన్నారు ఇప్పుడు?"

"ఇప్పుడెవరూ అన్లేదులెండి."

"అందరికీ చెప్పాలంటే ఆరాధన ప్రకటనల్లోనే చదవాలి. ఇలాంటివి చదివితే బాగుంటుందా? రేపు పెద్ద పాస్టరు గారు కూడా ఉంటారు," అన్నాడు ప్రకాష్, గోడ క్యాలెండర్‌తో.

"అయితే ఆయన కూడా వింటారు," అంది హెలెన్.

కొండమ్మ వెళ్ళిపోతుంటే గేటు దాకా వెనకే వెళ్ళింది. "నేను కూడా అనుమానపడ్డా కొండమ్మా."

"తెలుసమ్మా," అంది కొండమ్మ గేటు మూస్తూ. "పండుమిరగాయలు మీ వీధి చివర బండి మీదే అమ్ముతారు."

*

ఆదివారం చర్చి నిండిపోయింది. ప్రకటనల కాగితం పట్టుకుని ప్రకాష్ మైకు దగ్గర నిలబడ్డాడు. యువజనుల కూడిక, వాచ్‌మన్ గది పైకప్పు, విందుకి వంటపాత్రల సాయం అన్నీ చదివాడు. ఆఖరున గొంతు తగ్గించాడు.

"గత కొంతకాలంగా కొన్ని అనివార్య కారణాల వల్ల బల్ల రుచిలో వచ్చిన స్వల్ప మార్పును సంఘం గమనించియున్నది. అట్టి మార్పు సరిచేయబడినది."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక కుర్చీ జరిగిన చప్పుడైంది. హెలెన్ లేచి నిలబడింది.

"అనివార్య కారణాలు కాదండీ, పంచదార," అంది. "నేను రొట్టెలో వేసిన పాలూ పంచదారా. తీపి తిన్నాక ద్రాక్షరసం పులుపనిపించింది. కొండమ్మ చేసినదాంట్లో మొదట్నించీ ఏ తేడా లేదు. ఆమె ఏదీ కొన్లేదు, కలపలేదు. తప్పు నాది, మాట పడింది ఆమె."

కూర్చుంది. గుంటూరు నుంచి వచ్చిన పెద్ద పాస్టరు గారు ఏదో మంచి సాక్ష్యమనుకుని "స్తోత్రం" అన్నారు. ఇస్త్రీ చీరలో చివరి వరసలో కూర్చున్న కొండమ్మ తల తిప్పలేదు.

బల్ల మొదలైంది. అట్టముక్క రొట్టె, తర్వాత గ్లాసు. ఎవరూ కళ్ళు గట్టిగా మూసుకోలేదు. పెద్ద పాస్టరు గారు గ్లాసు దించి పెదవులు చప్పరించడం కూడా హెలెన్ చూసింది.

ఇంకొకటి కూడా చూసింది. గ్లాసు దగ్గర ఎవరూ ఆగలేదు. రొట్టె దగ్గర ఆగారు. వేళ్ళతో నొక్కి చూశారు. ఒకావిడ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, పక్కావిణ్ణి చూసి, అప్పుడు నోట్లో వేసుకుంది. పోయిన వారం ఇంకో ముక్క అడగబోయి ఆగానన్నావిడ ముక్కను మధ్యకు విరిచి లోపల ఏముందో చూసింది. లోపల గోధుమపిండి తప్ప ఏమీ లేదు. అంతమాత్రాన ఆవిడ నమ్మినట్టు లేదు.

ఆరాధన అయ్యాక హెలెన్ రొట్టె పళ్ళెం పట్టుకుని బయటికి వస్తుంటే మెట్ల మీంచి మాటలు తలుపు దాకా వినిపించాయి.

"ఏదో వాసనొచ్చింది కదూ రొట్టె?"

"రాకేం. ఇంట్లో మందు సీసాలు పెట్టుకుని చేస్తే."

"మందేంటమ్మా?"

"నీకు తెలీదా? గఫూర్ ఆటోలో స్వయంగా వెళ్ళి తెచ్చుకుందంట. గోంగూర కింద దాచి. తలుపులేసుకుని, గ్లాసులు వరసగా పెట్టుకుని. ఆ మాస్టారికి కూడా అలవాటు చేసిందంట పాపం."

హెలెన్ గుమ్మం దాటింది. మెట్ల మీద మాట ఆగిపోయింది. అందరూ వంగి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఆమె చెప్పులు మాత్రం కళ్ళ ముందే ఉన్నా కనిపించలేదు. పళ్ళెం రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

వెనక గాజు గ్లాసుల ట్రే చప్పుడు దగ్గరికొచ్చింది. కొండమ్మ ఆమె పక్కన ఆగింది. మెట్ల మీద వంగిన వీపులన్నిటినీ తాపీగా ఒకసారి చూసింది. తర్వాత ఆమెకు మాత్రమే వినపడేలా అంది.

"అలవాటైపోద్దిలే అమ్మా."